నవ్వే చోటు కాదు

రెండు వేల ఇరవై నాలుగు, ఫిబ్రవరి పదో తారీఖు, శనివారం. ఆ మధ్యాహ్నం ఇమ్మానియేలు తిన్నది పండుమిరప పచ్చడితో నాలుగు ముద్దల అన్నం, పక్కింటివాళ్లు పంపిన ఉడికించిన గుడ్డు. తిన్న ఆ కాస్తా సాయంత్రం దాకా గుండెల దగ్గరే నిలబడిపోయింది.

మూడున్నరకి ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు చేరాడు. సినిమా నటుడు మురళీకాంత్ ఆ రోజు ఒక హాల్లో జనం ముందు కథలు చదువుతున్నాడు. ఇమ్మానియేలు భార్య లిడియాకి ఆయనంటే ప్రాణం. టీవీలో ఆయన గొంతు వినపడితే పొయ్యి మీద కూర మాడినా కదిలేది కాదు. "ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసి ఇన్ని పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చాను, నా గొంతు ఒక్కరోజన్నా ఇట్టా విన్నావా?" అని ఇమ్మానియేలు ఉడికించేవాడు. "మీరు చదివితే ప్రసంగం విన్నట్టుంటదండి, నిద్రొస్తది" అనేది.

మామూలు మనుషులు పంపిన కథల్లో మూడింటిని ఎంచి మురళీకాంత్ చదువుతాడనీ, ఆ రికార్డింగు తర్వాత అందరికీ వినిపిస్తారనీ ప్రకటన వచ్చింది. లిడియా కథలు రాసుకున్న నోటుబుక్కులోంచి ఒకదాన్ని ఇమ్మానియేలు శుభ్రంగా తిరగరాసి, ఆమె పేరుతోనే పంపాడు. మూడింటిలో అదొకటైంది. కానీ ఒక షరతుంది. రాసినవాళ్లు హాల్లో ఉండాలి, చదవడం అయ్యాక వేదిక ఎక్కాలి. లేకపోతే ఆ కథని రికార్డింగులోంచి తీసేస్తారు.

లిడియా పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

గుమ్మం దగ్గర పేర్లు చూసుకుంటున్న అమ్మాయి మెడలో హేమశ్రీ అని కార్డు వేలాడుతోంది.

"లిడియా గారు ఏరండి?"

"వస్తారమ్మా."

ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివిన నోరది. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసరికి అతనికే భయమేసింది.

"రాగానే నాకు చెప్పండి అంకుల్" అంటూ హేమశ్రీ అతన్ని రెండో వరసలో కూర్చోబెట్టి, పక్క కుర్చీలో లిడియా పేరున్న కాగితం పెట్టింది. అతని మొహం చూసి, అడక్కుండానే మంచినీళ్ల సీసా తెచ్చిచ్చింది. ఆ నీళ్లు తాగాక ఊపిరి కాస్త ఆడింది.

మొదటి రెండు కథలూ నవ్వించేవి. హాలు నవ్వి నవ్వి మంచి ఊపు మీదుంది. మూడోది లిడియాది.

కోల్డ్ స్టోరేజి ముందు మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే కూలీ తల్లి కథ అది. పొద్దుటినుంచీ కాయలు తుంచిన చేతులు నిప్పుల్లా మండుతుంటాయి. ఆ చెయ్యి తగిలితే పసిపిల్ల ఒళ్లు కూడా మండుతుంది. అందుకని రేకుల నీడన బిడ్డ ఏడిస్తే, తల్లి అరచేతులు పైకెత్తి పెట్టి, మోచేతుల మధ్య బిడ్డను ఇరికించుకుని లేపుతుంది. మూడు నెలల పని ముగిసి, చేతుల మంట చల్లారాక ఒకరోజు బుగ్గ నిమరబోతే, ఆ చెయ్యి ఎరగని బిడ్డ మొహం తిప్పుకుంటుంది. ఆ బిడ్డ లిడియాయే. ఈ సంగతి ఇమ్మానియేలుకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

మురళీకాంత్ గొంతు నిజంగానే బాగుంది. మోచేతుల దగ్గరికి వచ్చేసరికి కాగితాలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ గాల్లోకి లేపి, మోచేతులతో ఏదో ఎత్తుతున్నట్టు అభినయించాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మళ్లీ చేశాడు, ఈసారి కాస్త వంగి, తడబడుతూ. హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు చివరి వాక్యం మీద కూడా వచ్చి పడింది. బిడ్డ మొహం తిప్పుకున్నప్పుడు కూడా వెనక వరసల్లో నవ్వుతూనే ఉన్నారు.

"ఇంత సరదా కథ రాసిన లిడియా గారు, రండి ఇట్లా."

హేమశ్రీ ఇమ్మానియేలు వైపు చూసింది. తలనొప్పి అనో, బస్సు దొరకలేదనో ఏదో ఒకటి చెబితే కథ రికార్డింగులో మిగలవచ్చు. నవ్వులతో సహా మిగులుతుంది. అతను లేచాడు. మైకు చేతికొచ్చింది.

"ఆమె రాదండి. జూన్‌లో చనిపోయింది. వస్తుందని నేను అబద్ధం చెప్పాను." మైకు దించబోయి మళ్లీ ఎత్తాడు. "ఇంకోటండి. అది నవ్వే చోటు కాదు."

మురళీకాంత్ మొహంలో రంగు తగ్గింది.

"నాకు తెలియలేదండి. అట్లా ఎత్తుకుంటారని నేనెప్పుడూ చూళ్లేదు. క్షమించండి" అన్నాడు. ఆ మాటలో నటన లేదు. ఇంకేదో అనబోయేంతలో నిర్వాహకుడు వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. శాలువాలు, ఫోటోలు, వందన సమర్పణ, అన్నీ పది నిమిషాల్లో ముగిశాయి.

హేమశ్రీ దగ్గరికొచ్చింది. "ఆ కథ తీసేయాలన్నారు అంకుల్. రూల్ అంట. నేను అడిగి చూశాను."

"పర్లేదులేమ్మా. నువ్వేం చేస్తావు."

జనం వెళ్లిపోయారు. అతను మాత్రం రెండో వరసలో తన కుర్చీలోనే కూర్చున్నాడు. ఊడ్చే ఆమె చీపురు గోడకానించి, ఒక వరస వెనక కూర్చుంది. హాలు శుభ్రం చేసే కరీమున్.

"మా అమ్మ కూడా అట్టాగే ఎత్తుకునేది సార్. నేనూ మిర్చి యార్డు కాడ ఐదేళ్లు ముచ్చికలు తీశా. నా కొడుకుని ఒక్క సీజన్లోనన్నా చేత్తో ముట్టుకున్నానా?"

ఇమ్మానియేలు వెనక్కి తిరిగాడు.

"తలుపు కాడ నిలబడితే నవ్వులే వినపడ్డయి. చివర ఏమైందో వినపళ్లా. మీ కాడ కాయితాలు ఉంటే చదవండి సార్. నాకు చదువు రాదు."

"నేను చదివితే నిద్రొస్తదంటారమ్మా మా ఇంట్లో."

"పొద్దున అయిదింటినుంచీ నిలబడే ఉన్నా. వినే వంకన కాసేపు కూర్చుంటా, అదే చాలు. చదవండి."

జేబులోంచి కాగితాలు తీశాడు. ప్రసంగంలాగే చదివాడు, ఒక్క మాట కూడా అభినయించకుండా. మోచేతుల దగ్గర ఆమె తలూపింది.

"మావాడు కూడా అట్టాగే మొహం తిప్పుకున్నాడు" అంది చివరి వాక్యం అయ్యాక. "ఎవరికీ చెప్పలా నేను. రాసినామెకెట్టా తెలిసింది?"

ఆ బిడ్డ లిడియాయేనని ఇమ్మానియేలు చెప్పాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మీ ఊరికి బస్సు ఉంటదా సార్ ఇప్పుడు?"

"ఉంటదమ్మా, ఇంకోటుంది."

అతను మెట్లు దిగేదాకా కరీమున్ గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలి లైట్లు ఒక్కొక్కటీ ఆర్పి, పెద్ద తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.