ఎల్లస్వామి ఉస్తాద్, నా కిర్రుచెప్పులు

ఎల్లస్వామి ఉస్తాద్ దగ్గర నేను నాలుగు నెలలు లారీ నేర్చుకున్నాను. అందులో సగం నడవడానికే సరిపోయింది. గేరు గరగరమంటే చాలు, ఆయన ఒక్కటే మాట అనేవాడు. "దిగు." నేను దిగేవాణ్ణి. ఆయన స్టీరింగు ముందుకు జరిగి, లారీని తర్వాతి మైలురాయి దాకా తీసుకుపోయి, అక్కడ ఆపి బీడీ ముట్టించేవాడు. ఎండలో నేను నడుచుకుంటూ పోయి ఎక్కితే మళ్ళీ స్టీరింగు నాకిచ్చేవాడు. నల్లగొండ నుంచి దేవరకొండ దాకా ఏ మైలురాయికి సున్నం రాలిందో, ఏది పక్కకు ఒరిగిందో నన్నడగండి, ఇప్పటికీ చెప్తాను.

ఇది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మాట. మాది మోత్కూరు పక్కన ఊరు. కులానికి కురుమలం, గొర్రెలు కాసేవాళ్ళం. నలభై గొర్రెల మంద ఉండేది. రజాకార్లు రెండు విడతలుగా వచ్చి మొత్తం కోసుకు తినిపోయారు. అప్పటికే దొరల మీద తిరగబడ్డ సంఘానికి భయపడి మా దొర హైదరాబాదు పారిపోయాడు. మిలిట్రీ వచ్చి రజాకార్లను తరిమింది, బాగానే ఉంది. కానీ ఆ మిలిట్రీ జీపుల వెనకాలే దొర కూడా వచ్చి మళ్ళీ గడీలో కూర్చున్నాడు.

గడీ సంగతి తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. కోటలాంటి ఆ దొర ఇంటి ముందు నుంచి పోవాలంటే మావాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకుని, తల వంచుకుని పోవాలి. మా నాయిన బతికినన్నాళ్ళూ అట్లాగే పోయాడు. సంఘం వచ్చిన ఏడు నేను మొదటిసారి గడీ ముందు చెప్పులతో నడిచాను. అవీ మామూలు చెప్పులు కావు, మా ఊళ్ళో చెప్పులు కుట్టే చెన్నయ్య కుట్టిచ్చిన కిర్రుచెప్పులు. అడుగు వేస్తే కిర్రుమంటాయి, ఆ చప్పుడు వింటూనే గొర్రెలు మా వెంట వస్తాయి. పని లేకపోయినా ఆరోజు అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు నడిచాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. ఈ మాట మా ఆవిడ సుక్కమ్మకు చెప్పకండి.

తిరిగొచ్చిన దొర మా ఇంటికి మనిషిని పంపాడు, ఐలేశం, అంటే నేను, వచ్చి గడీ గొర్రెలు కాయాలని. కాయడమంటే పాత పద్ధతిలోనే, చెప్పులు చేతిలో పట్టుకునే. నేను తప్పించుకుని నల్లగొండ వచ్చి ఒక సేటు దగ్గర లారీ మీద చేరాను. సేటు రెండో లారీ కొనబోతున్నాడు. ఉగాదిలోగా ఎల్లస్వామి నోటి నుంచి "వీడు డ్రైవరు" అన్న మాట వస్తే ఆ లారీ నాది. రాకపోతే దొర గొర్రెలు నావి. నేను బయలుదేరేటప్పుడు సుక్కమ్మ సద్ది మూట చేతికిచ్చి మెల్లగా చెప్పింది.

"లారీ వస్తె వచ్చె, రాకుంటె పాయె. ఎవని ముందట గూడ చెప్పులు ఇడువకు."

మొదటిరోజు లారీ తలుపు తెరిచి కాలు పెట్టానో లేదో, ఎల్లస్వామి నా చెప్పుల వైపు చూసి, "గవి ఇడిచి ఎక్కు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కాళ్ళకేమో మడమల పైదాకా మిలిట్రీ బూట్లు. కొల్లాపురం దిక్కు మనిషి, యుద్ధంలో బర్మాలో బండ్లు తోలి వచ్చినవాడు. నాలాంటి పేదల ఇంట్లోనే పుట్టినవాడు, బూట్లు తొడగ్గానే దొర అయిపోయాడా అనుకున్నాను. ఎందుకు విడవాలని అడిగాను. ఎక్కుతావా, ఇంటికి పోతావా అన్నాడు. ఎక్కాను. చెప్పులు సీటు కింద పానాల పక్కన పడేశాను.

ఆ లారీ కూడా ఆయనకు తగ్గదే. యుద్ధం అయ్యాక మిలిట్రీవాళ్ళు వదిలించుకున్న బండి. ముందు హ్యాండిలు పెట్టి రెక్కలు ఊడేట్టు తిప్పితే గానీ లేవదు. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, ఆ రెంటి మధ్య ఇంజను గొంతు సరిపోవాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నడిచి నడిచి తెలుసుకున్నాను. ఎల్లస్వామి చెప్పేది రెండే మాటలు, "ఇను" అని ఒకటి, "దిగు" అని ఒకటి. నేను పొద్దుపోక కూనిరాగం తీస్తే పానాతో వేలి కణుపుల మీద కొట్టేవాడు. కింద రేకు ఇంజను వేడికి పెనంలా కాలేది. అరికాళ్ళు బొబ్బలెక్కేవి. ఇవన్నీ కావాలనే చేస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. రోజూ మనసులో ఆయన్ని తిట్టే తిట్లకు లెక్క లేదు.

మొండితనం నాకూ తక్కువ లేదు. ఒకనాడు దేవరకొండ దాటాక ఆయన చాయ్ తాగడానికి దిగాడు. తిరిగొచ్చేలోగా చెప్పులు తొడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. బండి కదిలింది. నా పంతం నెగ్గిందని లోపల ఒకటే సంబరం. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు కనిపించాయి. బ్రేకు తొక్కబోతే చెప్పు అంచు రెండు పెడళ్ళ సందున ఇరుక్కుంది. కాలు రాదు, బండి ఆగదు. ఎల్లస్వామి వంగి చేతిబ్రేకు లాగాడు. ముందు చక్రానికి జానెడు దూరంలో ఒక గొర్రెపిల్ల నిలబడి నన్నే చూసింది.

మందవాడు నన్ను తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టాడు. అవన్నీ నాకు న్యాయమే. కురుమ ఇంట పుట్టి మంద మీదికి బండి తోలినవాణ్ణి ఇంకేమంటారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఎల్లస్వామి ఈసారి దిగమని కూడా అనలేదు. తనే స్టీరింగు తీసుకున్నాడు. నేను చెప్పులు విప్పి మళ్ళీ సీటు కిందికి తోశాను. నా పని అయిపోయిందని, సాయంత్రానికి సేటుతో చెప్పేస్తాడని అనుకున్నాను.

డిండి వాగులో ఆరోజు నీళ్ళు కొంచెం ఎక్కువున్నాయి. లోతు చూడటానికి ఎల్లస్వామి ఒడ్డున కూర్చుని బూట్లు విప్పాడు. నాలుగు నెలల్లో ఆయన కాళ్ళు చూడటం అదే మొదలు. ఎడమ కాలికి మూడు వేళ్ళు లేవు. పాదమంతా కాలి ముడతలు పడి, తెల్లగా ఉంది.

నేను చూడటం ఆయన చూశాడు.

"బర్మాల బండికి నిప్పు అంటుకుంటె కాలింది" అన్నాడు. "గీ కాలుకు ఏం తెల్వది. క్లచ్చి తొక్కిన్నో లేదో గూడ తెల్వది. చెవుతోని తోలుతున్న."

నా కూనిరాగానికి పానా దెబ్బ ఎందుకు పడేదో అప్పుడు తెలిసింది. మరి నా చెప్పులు ఎందుకు విడిపించావని అడిగాను.

"నీ కాలుకు తెలుస్తది గనుక. గేరు పడే ముందట క్లచ్చి జర వణుకుతది. నడుమ తోలు అడ్డమొస్తె గా వణుకు అందదు. నేను గట్లనే నేర్చుకున్న, ఉత్త కాళ్ళతోని."

"గీ ముక్క ముందుగాలనే చెప్పచ్చు గద, ఉస్తాద్."

"చెప్తె నీ చెవు ఇంటది. నీ కాలు ఇంటదా?"

నాకు కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. గడీ సంగతి, నాయిన సంగతి, సుక్కమ్మ అన్న మాట, అన్నీ ఆ ఒడ్డున నిలబడి చెప్పేశాను. ఆయన తల వంచుకుని విన్నాడు. లేచి వాగులోకి దిగి లోతు చూసి వచ్చాడు. లారీ ఎక్కాక మాత్రం సీటు కింద నూనె మరకల్లో పడున్న నా చెప్పులు బయటికి తీశాడు. తన తువ్వాలలో చుట్టి వెనక జాగ్రత్తగా పెట్టాడు.

మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే నేను చెప్పులు విడిచి ఎక్కాను. అరికాలు క్లచ్చి మీద ఆనించి, నోరు మూసుకుని కాచుకున్నాను. మూడో రోజు ఆ వణుకు దొరికింది. దొరికాక అంత తేలికైన పని ఇంకోటి లేదనిపించింది. ఎల్లస్వామి మెచ్చుకోలేదు. బీడీ ముట్టించి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఉగాది ఇంకో నాలుగు రోజులుందనగా సేటు ఒక సరుకు ఎక్కించాడు. కిందటేళ్ళ గొడవల్లో విరిగిన గడీ బాగుచేయడానికి టేకు దూలాలు. ఏ గడీ అని అడిగితే, మా ఊరిదే. నేను పోనన్నాను. నువ్వే తోలాలి, నేను పక్కన కూర్చుంటానన్నాడు ఎల్లస్వామి. దారి పొడుగునా గేరు ఒక్కసారి కూడా గరగరమనలేదు, నా గుండె మాత్రం దడదడలాడుతూనే ఉంది.

లారీ గడీ ముందు ఆగేసరికి ఊరంతా పోగైంది. ఆ జనంలో సుక్కమ్మ కూడా ఉంది. గడీ గుమాస్తా రఘుపతి దగ్గరికొచ్చి, స్టీరింగు ముందున్నది నేనని చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఐలేశం, దొర అరుగు మీదున్నడు. చెప్పులు ఆడనే ఇడిచి దిగిరా."

నా కాళ్ళకు చెప్పులు లేనేలేవు. ఉన్నపాటున దిగితే చాలు, దొరకు మర్యాద, నాకు ప్రాణసుఖం. దూలాలు దింపుకుని వెళ్ళిపోవచ్చు. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. సుక్కమ్మ నా ఉత్త పాదం వైపే చూస్తోంది.

ఎల్లస్వామి నా భుజం పట్టి ఆపాడు. వెనక్కి వంగి తువ్వాల మూట తీసి, విప్పి, చెప్పులకు అంటిన దుమ్ము తన చేత్తోనే దులిపి నా ఒళ్ళో పెట్టాడు.

"తొడుక్కొని దిగు" అన్నాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినేట్టు రఘుపతితో అన్నాడు. "డ్రైవర్ సాబ్ దిగుతున్నడు. జర జరుగు."

రఘుపతి జరిగాడు. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియదు. నేను చెప్పులు తొడుక్కుని దిగి, వాకిలి అడ్డంగా నడిచి వెనక డోరు తెరిచాను. ఎల్లస్వామి కూడా దిగి నా పక్కన నిలబడ్డాడు. ఆ నాలుగు అడుగులూ కిర్రు కిర్రుమని ఊరంతటికీ వినిపించాయి. అరుగు మీద దొర నా కాళ్ళ వైపు చూశాడు, లారీ వైపు చూశాడు, ఎల్లస్వామి బూట్ల వైపు చూశాడు. తర్వాత దూలాలు ఎన్ని వచ్చాయని రఘుపతిని అడిగాడు. సుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనిపించలేదు, నా కళ్ళు కూడా సరిగ్గా లేవు.

తిరుగు ప్రయాణంలో సుక్కమ్మను కూడా ఎక్కించుకున్నాం. ఊరు దాటాక సంతోషంలో నేను కూనిరాగం అందుకున్నాను, రెండో గేరు గరగరమంది. ఎల్లస్వామి నా వైపు తిరిగాడు.

"దిగు."

దిగాను. చెప్పులు తొడుక్కుని ఆ మైలంతా నడిచాను. రాయి దగ్గరికి చేరేసరికి ఆయన బీడీ అయిపోయింది. పక్కకు జరిగి, స్టీరింగు ముందు జాగా నాకు ఖాళీ చేసి పెట్టి ఉన్నాడు.