సరే అన్న మాట

వీధిలో అక్కను రేడియో అంటారు, ఆమె చెవిన పడకుండా. కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే ఆ ముందుగదిలో రెండు మిషన్లున్నా, బయటికి వినిపించేది మాత్రం అక్క గొంతే. చెల్లెలు తల వంచుకుని కుట్టుకుంటూ, అక్క ఏమన్నా తలూపేది. చిన్నప్పటి నుంచీ ఆమెకు అదే అలవాటు.

ఈమధ్య ఆ రేడియోలో వస్తున్నది ఒకటే కథ. వీళ్ళు కవర్లు కుట్టిచ్చే ఓ ఫర్నిచర్ కొట్టు యజమాని మఖమలు బట్ట తాను పోయిందని చెల్లెలి మీద ఫిర్యాదు చేస్తే, పోలీసులు చెల్లెల్ని పట్టుకెళ్ళి ఒక రాత్రంతా స్టేషన్లో ఉంచారు. మర్నాడు ఆ తాను కొట్టులోనే, అలమర వెనక దొరికింది. దొరికితే ఏం లాభం? ఆ రాత్రి ఇన్‌స్పెక్టరు చెల్లెల్ని లాకప్పులోంచి తన గదికి పిలిపించుకున్నాడు. ఆమె ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడుస్తూ వాడు తనను పాడుచేశాడని మాత్రం చెప్పింది. మిగతాది అక్కే చెప్పింది.

"నువ్వు ఊరుకుని ఉంటావా? వాడి చెయ్యి కొరికేసుంటావు. కొరికావా లేదా?"

చెల్లెలు అలవాటుగా తలూపింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా ఆ కొరుకుడు గురించే చెప్పుకుంది. కూరలమ్మే ఆవిడైతే "మా తల్లే!" అంటూ బుగ్గలు పుణికి, ఊరికే ఓ గుప్పెడు పచ్చిమిరపకాయలు చేతిలో పోసింది.

అక్కను తిట్టడానికి మాత్రం మనసొప్పదు. స్టేషన్ మెట్ల మీద నిలబడి అరిచిందీ, పై అధికారుల గుమ్మాలు పట్టుకుని తిరిగిందీ, రెండు రోజుల్లో కేసు పెట్టించిందీ ఆమే. ప్రేమ మరీ ఎక్కువైన వాళ్ళతో ఇదే చిక్కు, మనకు జరిగింది కూడా వాళ్ళే చెప్పేస్తారు. చెల్లెలికి ఆ పచ్చిమిరపకాయలు కూరలో వెయ్యడానికి కూడా చేతులు రాలేదు.

సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. ప్రభుత్వం తరఫున వాదించే ప్లీడరమ్మ చెల్లెల్ని ఒక్కదాన్నే కోర్టు వెనక గదిలోకి పిలిచింది. ఫైళ్ళు కిటికీ సగానికి మూసేసిన గది అది.

"అతని చెయ్యి కొరికారా అమ్మా మీరు?"

చెల్లెలు అలవాటుగా తలూపబోయి ఆగింది.

"మీ ఫిర్యాదులో ఆ మాట లేదు, మీ వీధిలో ఉంది. ఫిర్యాదు చేసిన రోజే డాక్టరు అతన్ని పరీక్ష చేశాడు. చేతి మీద పంటిగాటు లేదు. కొరికానన్నారంటే అతని వకీలు మిమ్మల్ని అక్కడే పట్టుకుంటాడు. ఒక్క అబద్ధం దొరికితే చాలు, మిగతాదంతా కట్టుకథే అంటాడు."

చెల్లెలు కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"కొరకలేదండి. 'చెప్పినట్టు వింటే పొద్దున్నే ఇంటికి పోతావు' అన్నాడు. నేను... సరే అన్నాను."

అనేసి, కేసు పోయిందనుకుంది. ఆవిడ లేచి వెళ్ళిపోతుందనుకుంది. ప్లీడరమ్మ ఎక్కడికీ పోలేదు, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఇదివరకైతే ఈ మాట పట్టుకునే అతను బయటపడేవాడు. ఇష్టపడే వచ్చిందని చెప్పి, ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాడు. ఇప్పుడు చట్టం మారింది. పోలీసుల అదుపులో ఉన్న మనిషి సరే అన్నా ఆ సరే చెల్లదు. తాళం అతని చేతిలో ఉంది కదా. నేరం అతనిదే."

"నేను సరే అన్నా కూడానా?"

"అన్నా కూడా."

చెల్లెలు మళ్ళీ అడిగింది. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఇన్నాళ్ళూ అన్నం సయించనివ్వని మాట, అద్దంలో తన మొహం తనను చూడనివ్వని మాట, అది తన తప్పు కాదని ఒకరు చెప్పగా వినడం ఆమెకు ఇదే మొదలు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి.

"నేను చెప్పేటప్పుడు మా అక్క కోర్టులోనే కూర్చుంటుందండి."

"బయట కూర్చోబెట్టమంటే జడ్జిగారితో చెబుతాను."

చెల్లెలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క దృష్టిలో తను ఏమైపోతుందోనని ప్రాణం గిలగిల్లాడుతోంది. అయినా, "వద్దండి, లోపలే ఉండనివ్వండి. బయట ఉంటే ఇంకో కథ అల్లుతుంది" అంది.

బోనులో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. సరే అన్నానని కూడా చెప్పింది, ఒక్క మాట కూడా మింగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. పంటిగాటు మీద అతని వకీలు సిద్ధం చేసుకొచ్చిన ప్రశ్నలన్నీ అలాగే ఉండిపోయాయి. పాపం, ఆయన కాసేపు గౌను సవరించుకున్నాడు.

"ఇష్టం లేకపోతే వద్దు అనొచ్చుగా?" అన్నాడు చివరికి.

"మంచినీళ్ళు కావాలన్నా ఆయన్నే అడగాలండి అక్కడ. వద్దని ఎవరికి చెప్పను?"

"ఒప్పుకుందా లేదా అన్నది ఈ చట్టం కింద ప్రశ్నే కాదు. వేరే ఏమైనా ఉంటే అడగండి" అన్నాడు జడ్జి. వకీలు కూర్చున్నాడు.

చెల్లెలు అక్క కోసం చూసింది. బెంచీ ఖాళీగా ఉంది. బయటికి వచ్చింది.

అక్క వరండా చివర గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చెల్లెలు దగ్గరికి వెళ్ళినా తల తిప్పలేదు.

"నేను ఊరందరికీ ఆ కొరుకుడు కథ చెబుతుంటే, పక్కనే కూర్చుని ఎలా విన్నావే?"

"నీ కథలో నేను బాగున్నానక్కా."

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా భోరుమంది.

"నిన్ను అడగనే లేదు కదే నేను" అంది కాసేపటికి. "చెప్పవే. మొదట్నుంచీ చెప్పు. నేను నోరెత్తను."

"లోపల చెప్పాను కదక్కా."

"అది జడ్జిగారికి. నాకు చెప్పు."

చెల్లెలు పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది. మధ్యలో అక్క ఏదో అనబోయి, అరచేత్తో నోరు మూసుకుంది. ఆ చెయ్యి తియ్యకుండానే చివరిదాకా వింది.