అంచుదాకా నీళ్ళు

మూడో అడుగుకే గ్లాసులో నీళ్ళు తొణికాయి. ఆరోగ్యసామి ఆగాడు. పైపు మీద పడ్డ తడిని లుంగీ అంచుతో తుడిచి, వెనక్కి గడప దగ్గరికి వచ్చి, గ్లాసును మళ్ళీ అంచుదాకా నింపుకున్నాడు.

చూలైలోని ఆ సందులో పొద్దున్నే జరిగే పనే ఇది. తెల్ల ప్లాస్టిక్ పైపులు కోసి, అతికించి, పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాళ్ళు కెమెరాను భుజానికి ఆనించుకునేలా అతను స్టాండ్లు చేస్తాడు. కంపెనీ సామాను కొనలేనివాళ్ళంతా అతని దగ్గరికే వస్తారు. అతనికి సొంత కెమెరా లేదు. కెమెరా బిగించే పలక మీద కెమెరా అంత బరువున్న తూకపురాయి కట్టి, దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి, చేతిపంపు దాకా నడిచి వస్తాడు. చుక్క ఒలకకపోతే స్టాండు కుదిరినట్టు. ఒలికితే మళ్ళీ రంపం, మళ్ళీ కొలత. సౌకార్‌పేట దుకాణాల్లోకి కరెంటు త్రాసులు వచ్చాక పాత ఇనుములో పడేసిన తూకపురాళ్ళే అతని స్టాండ్లకు వెనక బరువులు.

"ఏమన్నా, ఈపొద్దు ఊరేగింపు పంపు దాకా పోలేదే?" ఎదురింటి అరుగు మీద ఇడ్లీపాత్ర దించుతూ మునియక్క అడిగింది.

"సామికి కాలు పట్టుకుందిలే."

అతని చేతులు వణుకుతాయి. అంబత్తూరులో ఒక కార్ఖానాలో ఇరవైఆరేళ్ళు డ్రిల్లింగ్ మిషను మీద పనిచేశాడు. ఒకరోజు బిట్టు గుర్తు పెట్టినచోట దిగకుండా పక్కన గీరింది. మర్నాడూ అంతే. సూపర్వైజరు కేకలు వేయలేదు. మిషను దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టి, ఇతనికి టీ తెప్పించి ఇచ్చాడు. ఆ టీ సగం చొక్కా మీదే పడింది. ఇప్పుడు ఆ వణుకే అతని కొలతబద్ద. నా చేతిలో ఒలకలేదంటే ఇంకెవరి చేతిలోనూ ఒలకదు, అని కొనేవాళ్ళతో చెబుతాడు. వాళ్ళు నవ్వుతారు. అతను నవ్వడు.

గ్లాసు అతని భార్యది. పెళ్ళినాడు చుక్కలు చుక్కలుగా జ్ఞానమ్మ అని పేరు కొట్టించిన స్టీలు గ్లాసు. పిల్లలు లేరు. ఆమె పోయి తొమ్మిదేళ్ళు.

తొమ్మిదింటికి, స్టూడియోకు పెళ్ళి వీడియోలు తీసే జీవిత వచ్చింది, పది నెలల బిడ్డను చంకన వేసుకుని, పోయిన వారం తీసుకుపోయిన స్టాండును రెండో చేత్తో ఈడ్చుకుంటూ. బిడ్డను చూడగానే ఆరోగ్యసామి నేలమీది నట్లూ బోల్టులూ డబ్బాలోకి ఊడ్చి పైఅరలో పెట్టాడు. రంపం బ్లేడునూ అక్కడే పెట్టాడు.

"మామా, ఇది నాకు కుదరలే. గంట మోస్తే ఈడ ఎముక కమిలిపోతాండాది. నొప్పికి భుజం కదిలిస్తే బొమ్మంతా ఆడతాది. ప్రేమ్‌నాథ్ అన్న స్టూడియోలో అందరి ముందరా వేసి చూపించినాడు. కల్యాణంలో భూకంపం వచ్చిందా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా? రేపు పెరంబూరులో ఒక పెళ్ళి ఉండాది. అదీ ఆడితే ఇంక పనికి రావద్దన్నాడు. ఆడోళ్ళ చేతులు కెమెరాకు కాదంట. నాలుగింటికి కెమెరా ఇస్తారు. అప్పటికి ఏమన్నా చేస్తావా మామా?"

చెబుతూనే ఆమె బిడ్డను కుడిపక్క నుంచి ఎడమపక్కకు మార్చింది. మార్చినట్టు ఆమెకే తెలియలేదు. ఆరోగ్యసామి చూశాడు.

"బిడ్డ ఎంత బరువు?"

"తొమ్మిది కిలోలు. ఎందుకు?"

"పొద్దస్తమానం మోస్తాండావే, భుజం నొప్పి లేదా?"

"బిడ్డను భుజాన యాడ మోస్తాం మామా? నడుము కదా మోసేది."

ఆరోగ్యసామి స్టాండు వంక చూశాడు. ఇన్నేళ్ళుగా చేసినవన్నీ మగవాళ్ళ భుజాల కొలతకు చేసినవే. ఇంకో చోట బరువు నిలుస్తుందని తోచనే లేదు.

"తప్పు నీ చేతిది కాదు పాపా. నాది," అని దారం ఉండ ఇచ్చాడు. అటు తిరిగి నిలబడ్డాడు. జీవిత తన నడుము కొలుచుకుని, దారానికి ముడివేసి ఇచ్చింది.

"నాలుగింటికి రా."

స్టవ్వు సెగ మీద పైపును మెల్లగా తిప్పాడు. మెత్తబడ్డాక నీళ్ళ బిందెకు చుట్టి వంపు తెప్పించాడు. వేళ్ళు కాలాయి. దారం పరిచి చూస్తే, ముడి సరిగ్గా వంపు చివర ఆగింది. ఒరుసుకోకుండా పాత తువ్వాలు చుట్టాడు.

మూడు దాటేసరికి గుండెల మీద ఎవరో మోకాలు ఆనించినట్టయింది. సోడా తాగాడు. మునియక్క గంజి తెచ్చి, అతని ముఖం చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఇంత చెమటేందన్నా? దా, ఆస్పత్రికి పోదాం."

"గ్యాసు. పాపకి ఇచ్చేసి పోదాం."

"పాప రేపు తీసుకుంటాది. సుమ్మా ఊరికే మొండి పట్టద్దు."

"రేపటికి దానికి పని ఉండదు మునియక్కా."

"నీతో కాదు. నేను పోయి ఆటో తెస్తా," అని ఆమె చెప్పులు తొడుక్కుంది.

మునియక్క కూతురి పెళ్ళిలో జ్ఞానమ్మ వడ్డించింది. ఆ సీడీలో నలభై సెకన్లు కనిపిస్తుంది. ఫోటోలు రెండు ఉన్నాయి కానీ, నడిచే జ్ఞానమ్మ ఉన్నది అందులోనే. తీసినవాడి చేయి ఆడి, ఆమె ముఖం ఒక్క క్షణం నిలవలేదు. నవ్విందో, చెమట తుడుచుకుందో తెలియదు. ఆమె పోయాక ఆ సీడీని ఆపి ఆపి చూశాడు. మొదటి పైపు కోసింది ఆ తర్వాతే.

వంపును నడుముకు ఆనించుకుని పంపు వైపు నడిచాడు. నీళ్ళు తొణికాయి. వెనక బరువును రెండు వేళ్ళ మేర కిందికి జరిపాడు. మళ్ళీ నడిచాడు. పంపును తాకి తిరిగి వచ్చాడు. పలక పొడిగా ఉంది. చూడడానికి సందులో ఎవరూ లేరు.

వంపును అరుగు అంచుకు తగిలించి నిలబెట్టాడు. గ్లాసు తీయలేదు. పాప చూడాలి కదా. పక్కనే గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి. పెళ్ళికి పోతే బిడ్డకు పాలెవరు పడతారో అడగనే లేదనుకున్నాడు.

జీవిత నాలుగు కాకముందే వచ్చింది. అతను నిద్రపోతున్నాడనుకుని, బిడ్డ నోటి మీద వేలు పెట్టి ఊరుకోబెట్టింది. అప్పుడు మోకాళ్ళ మీది చేతులు చూసింది. అవి కదలడం లేదు.

ఆటో సందు మొదట్లో ఆగింది. మునియక్క దిగి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఏడుపుకు ఇళ్ళలోంచి మగవాళ్ళు వచ్చారు. అతన్ని లోపలికి మోసుకుపోవాలి, అరుగు దగ్గరి స్టాండు అడ్డం తియ్యమన్నారు ఎవరో. జీవిత బిడ్డను మునియక్కకు ఇచ్చి, ఉన్నదున్నట్టు దాన్ని నడుముకు ఎత్తుకుంది. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. ఎటు పోవాలో తెలియక చేతిపంపు దాకా నడిచింది, అక్కడ నిలబడి ఏడ్చింది, తిరిగి వచ్చింది.

మునియక్క గ్లాసు వంక చూసింది. "రేపు పో మే. పోకుండా ఉండబాక. బిడ్డను నేను చూసుకుంటా."

మర్నాడు పెరంబూరు పెళ్ళిలో, భోజనాల వరసల మధ్య జీవిత చాలాసేపు నిలబడింది. సాంబారు గరిటె పట్టుకున్న ఒక పెద్దామె ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుని, తలెత్తి నవ్వింది. తుడుచుకోవడమూ నవ్వడమూ రెండూ వచ్చాయి, కదలకుండా. సాయంత్రం ప్రేమ్‌నాథ్ దాన్ని రెండుసార్లు వేసి చూశాడు. వచ్చే ఆదివారం ఎక్కడికి పోవాలో చెప్పాడు.

చూలైలో తాళం వేసిన తలుపు ముందు, ముందురోజు జీవిత దించి పెట్టిన చోటనే, జ్ఞానమ్మ పేరున్న గ్లాసు అంచుదాకా నీళ్ళతో ఉంది.