ఇరవై అడుగుల దూరం

కుట్టుమాస్టారు నలభై ఏళ్లు లోకానికి బట్టలు కుట్టాడు. ఇప్పుడు లోకం తరఫున తేనెటీగలు ఆయన్ను కుడుతున్నాయి. భార్య పోయి నాలుగు నెలలైంది. ఆవిడ పెంచిన తేనెపెట్టె డాబామీద మిగిలింది. తేనెపట్టు దక్కింది గానీ, ఆ పనిమీద పట్టు మాత్రం ఆవిడతోనే వెళ్లిపోయింది. అయినా ఆయన పెట్టెను వదల్లేదు. ఆ రెండు గదుల వాటాలో ఇంకా సందడి చేస్తున్నది అదొక్కటే.

పొద్దున్నే ఇంటి ఓనరమ్మ డాబా ఎక్కింది. చేతిలో తెల్ల దుప్పటి, దానినిండా పసుపు చుక్కలు.

"చూడండి మాస్టారూ, మీ ఈగలు రెట్టలేసి నా దుప్పటికి చేసిన అద్దకం! పెట్టెను నా దండెం దగ్గర్నుంచి తీస్తారా, అసలు డాబామీంచే తీయించమంటారా?"

"అంత మాటెందుకమ్మా! ఇవాళే ఆ చివరికి జరిపేస్తా."

ఈగలు మేతకు వెళ్లిన వేళ చూసుకుని, పెట్టెను ఇరవై అడుగుల అవతలికి మోశాడు. రెక్కలున్నవాళ్లకు ఇరవై అడుగులు ఒక లెక్కా అనుకున్నాడు.

సాయంత్రం పైకి వెళ్లి చూస్తే, పెట్టె లేని పాత చోట, పిట్టగోడను కరుచుకుని గుప్పెళ్లకొద్దీ ఈగలు ముద్దగా ఉన్నాయి. చలిగాలి మొదలైంది. అంచున ఉన్నవి ఒక్కొక్కటే రాలుతున్నాయి. గాభరాగా బావమరిదికి ఫోన్ చేశాడు.

"కొంప ముంచావు గదా బావా! అవి పెట్టెను చూసి రావు, చోటు చూసి వస్తాయి. జరిపితే రోజుకో అడుగు జరపాలి, లేదా ఊరే దాటించాలి. అక్క చెప్పలేదూ?"

"నేనడిగితే కదరా చెప్పడానికి! తేనెసీసా మూత తీయడం తప్ప నాకేం తెలుసు?"

"ముందు పెట్టె మళ్లీ అక్కడే పెట్టు. ఈ చలికి తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు."

అక్కడ పెడితే ఓనరమ్మ, పెట్టకపోతే చలి. మాస్టారు ముసుగైనా వేసుకోకుండా పెట్టెను కావలించుకుని మోశాడు. కొలతలు తీసుకోకుండానే మూడు చోట్ల కుట్లు పడ్డాయి. పెట్టె దించగానే ముద్ద కదిలింది. ముందు నాలుగు, వెనకే నలభై, ద్వారంవైపు నడిచాయి.

బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఓనరమ్మ మెట్లమీదే ఆగింది.

"అదేంటి మాస్టారూ, మాట తప్పారే!"

"తప్పానమ్మా. ఇక్కడేమీ లేకపోయినా ఇక్కడికే వచ్చి కూర్చున్నాయి, పిచ్చిముండలు. వీటిని ఆ చివరికి పంపడం నావల్ల కాదు. ఖాళీ చేయమంటే పెట్టెతో సహా నేనే ఖాళీ చేస్తా."

ఆవిడ ఈగల వరసను కాసేపు చూసింది. దండెం ముడి విప్పింది.

"తాడుకేం, ఎక్కడ కడితే అక్కడ ఉంటుంది. ఆ కొస పట్టుకోండి."

ఇద్దరూ దాన్ని అవతలి చివర కట్టారు.

"మీ ఆవిడ ఉన్నన్నాళ్లూ నా బట్టలమీద ఒక్క చుక్క పడలేదు సుమండీ. ఏం చేసేదో!"

"తెలియదమ్మా," అన్నాడు మాస్టారు.

ఆవిడ దిగిపోయింది. ఆఖరి ఈగ లోపలికి పోయాక ఆయన పెట్టెకు చెవి ఆనించాడు. లోపల వేలమంది ఒకరితో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా వింటూ ఉండిపోయాడు.