మలుపు దగ్గర తెగే పాట

నేను ఒక కారు రేడియోని. పాత ఫియట్ కారులో స్టీరింగు పక్కన, రెండు గుండ్రటి మీటలు, వాటి మధ్య అంకెలున్న గాజుపట్టీ, ఆ పట్టీ మీద అటూ ఇటూ నడిచే ఎర్రటి ముల్లు. అదీ నా రూపం. ఇప్పుడు నన్ను చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంటారు. వినడానికి మాత్రం ఎవరూ రారు. రేడియోని చూడ్డమేమిటని మీరు అడగవచ్చు. నాకూ ఆ సందేహం ఉంది.

బొంబాయిలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. వరసగా బల్లల ముందు కూర్చున్న ఆడపిల్లలు పెళ్లి కబుర్లు చెప్పుకుంటూ నా తీగలన్నీ అతికారు. నా నోట వెలువడ్డ మొదటి మాట ఏ భక్తిగీతమో అయ్యుంటుందని మీరనుకుంటారేమో. కాదు, పత్తి ధరలు. అక్కణ్ణుంచి రైలెక్కి విశాఖపట్నం వచ్చి, ఒక డాక్టరుగారి కొత్త కారులో కుదురుకున్నాను. ఆయన వార్తలు తప్ప ఏమీ వినేవాడు కాదు. వార్తలు చదివేవాడు సెలవు తీసుకోగానే, పాట మొదలయ్యేలోపు, నా మీట మెలిపెట్టి నోరు మూయించేవాడు. అలా పాట అంటే ఏమిటో తెలియకుండానే నా పసితనం గడిచిపోయింది. తర్వాత ఆయన మరో కారు కొనుక్కుని, మమ్మల్ని అనకాపల్లి బెల్లం వ్యాపారి అప్పలనరసయ్యకి అమ్మేశాడు.

అప్పలనరసయ్య బండికి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నాక్కూడా ఒక బొట్టు పెట్టాడు. మనిషి నెమ్మది. మాట తక్కువ. ఎంత తక్కువంటే, బేరానికి వచ్చినవాళ్లు ఆయన మౌనాన్ని చూసి ధర నచ్చలేదనుకుని తామే పెంచేసేవాళ్లు. వెనక సీట్లో ఎప్పుడూ బెల్లం దిమ్మలు ఉండేవి. ఆ వాసనకి వచ్చిన చీమలు నా కడుపులో కాపురం పెట్టాయి. వాటితో నాకు పేచీ లేదు. నా పాటలు మొదట విన్నది అవే.

ఆయన భార్య నూకరత్నం. ఆవిడ తండ్రి నాటకాల సమాజంలో హార్మోనియం వాయించేవాడట. ఇంట్లో పుట్టిన సంగీతం కదా, పిల్లకి గొంతు దానంతటదే వచ్చింది. పెళ్లిచూపుల్లో అత్తగారు ఒకే ఒక్క షరతు పెట్టింది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ఆ పెద్దావిడ కారెక్కినప్పుడల్లా వెనక సీట్లోంచి దాన్ని తిరగదోడేది.

"నాటకాలోల్ల పిల్లైనా సరేనని తెచ్చుకున్నాం. మా గుమ్మంలో రాగాలు తీస్తే మాత్రం ఊరుకోనని ఆయేలే చెప్పీసేను. అవునేటి, కాదేటి?"

"అవునత్తా," అనేది నూకరత్నం. అప్పలనరసయ్య రోడ్డు వైపే చూసేవాడు. ఆయన మౌనానికి అర్థం అవునో కాదో ఆవిడకి తెలిసేది కాదు. తల్లి మాటే కొడుకు మాట అని తీసుకుంది. ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు.

శుక్రవారం శుక్రవారం పాడేరులో సంత. మొగుడూ పెళ్లాలిద్దరూ బెల్లం వేసుకుని కొండెక్కేవారు. బేరం మాట్లాడ్డానికి ఆవిడ ఉండాల్సిందే మరి. చోడవరం దాటేదాకా విశాఖ కేంద్రం పాటలు నా నోట ధారాళంగా వచ్చేవి. ఘాటీ ఎక్కి మొదటి పెద్ద మలుపు తిరగ్గానే కొండ అడ్డొచ్చేది. అంతే, పాట తెగిపోయి, నాలోంచి వేరుశనక్కాయలు వేయిస్తున్న చప్పుడు మిగిలేది. మళ్లీ పైన అమ్మవారి పాదాల దగ్గరికి వెళితే గానీ నా గొంతు పెగిలేది కాదు. బండి నడిపేవాళ్లందరూ ఆగి దణ్ణం పెట్టుకుని, కర్పూరం వెలిగించి కదిలే చోటది.

మొదటిసారి పాట తెగినప్పుడు నేను సిగ్గుతో చచ్చిపోయాను. సరిగ్గా చరణం మధ్యలో. అప్పుడు పక్క సీట్లోంచి, నేను వదిలేసిన మాట దగ్గరే అందుకుని, ఒక గొంతు ఆ పాటని ముందుకు తీసుకుపోయింది. చిన్నగా, కిటికీ వైపు తిరిగి, తనకోసమే అన్నట్టు. నేను ఎందరో గాయకుల్ని మోశాను. ఆ గొంతులో ఉన్న చనువు మరెవరిలోనూ వినలేదు. ఆవిడ పాట ముగించి నాలిక కరుచుకుని మొగుడి వైపు చూసింది. ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు.

అది మొదలు ప్రతి శుక్రవారం అదే తంతు. నేను తెంపడం, ఆవిడ అందుకోవడం. ఆవిడ పొరబడినవీ నేను పసిగట్టినవీ రెండున్నాయి. ఆవిడ పాట ఎత్తుకోగానే అప్పలనరసయ్య గేరు మార్చి బండి నెమ్మది చేసేవాడు. మలుపు కదా, జాగ్రత్తపడుతున్నాడనుకునేది ఆవిడ. తిన్నగా ఉన్న రోడ్డులో కూడా ఆ బండి నత్తనడక నడిచేది, వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి తిట్టిపోసేవారు. రెండోది, పాదాలు ఇంకా కాస్త దూరం ఉండగానే, నా గొంతు తిరిగి రాకముందే, ఆయన చేయి మెల్లిగా వచ్చి నా మీట కట్టేసేది. అమ్మవారి ముందు రేడియో మోగకూడదని భక్తి కాబోలు అనుకునేది ఆవిడ. ఆ మనిషికి ఉన్న భక్తి ఏమిటో ఆ వేళ్లు తగిలిన నాకు తెలుసు. ఆవిడ పాటకి నేను అడ్డం రాకూడదు, అంతే.

ఇంత ఇష్టం ఉన్నవాడు ఒక్కమాట "బాగుంది" అనొచ్చు కదా! అనలేదు. బెల్లం రంగు చూసి రుచి చెప్పగలిగినవాడికి భార్య పాట గురించి చెప్పడానికి మాట దొరకలేదు. అత్తగారు పోయాక కూడా ఆవిడ ఇంట్లో పాడలేదు. వాళ్లిద్దరి జుట్టూ నెరిసింది, నా గాజుపట్టీ పసుపెక్కింది. అయినా ఘాటీలో పాట మాత్రం ఆగలేదు.

ఒకనాడు నేను మామూలుగానే తెగితే నూకరత్నం నవ్వుతూ అంది: "ఈ ముసిల్ది ఒక్కపాటైనా పూర్తిగా విననిచ్చింది కాదు కదండీ!"

అది సరసం. నా మీద ఉన్న ప్రేమ కొద్దీ అన్న మాట. కానీ మగవాళ్ల సంగతి చిత్రంగా ఉంటుంది. పెళ్లాం బతిమాలి చెప్పిన పనులేవీ చెవిన పెట్టరు, నవ్వులాటకి అన్న మాట మాత్రం పట్టుకుని విశాఖపట్నం దాకా వెళ్లిపోతారు. అప్పలనరసయ్య వెళ్లి, అరచేతిలో పట్టే ఒక పాటల యంత్రాన్ని కొన్నాడు. అందులో వేల పాటలు పడతాయట. కొండలతోనూ కేంద్రాలతోనూ దానికి పని లేదు.

దాన్ని నా కారుకి బిగించే పని కార్ల కరెంటు పని చేసే సన్యాసిరావు చేతిలో పడింది. అతను నన్ను బయటికి లాగి, వెనక మూత విప్పి, ఎండిపోయిన చీమల్ని దులిపాడు.

"రేడియో తీసి పారీమంటారా బాబూ?"

"వద్దొద్దు. దాన్ని చూసుకోకపోతే మా ఇంటిదానికి తోచదు," అన్నాడు అప్పలనరసయ్య.

"ఐతే స్పీకరు వైర్లు దీన్నుంచి కోసీసి, కొత్తదానికి ఇచ్చెస్తాను. లైటు ఎలుగుతాది, మాట రాదు. చూపులకి ఉంటాది."

"అలగే కానీ. పాట మాత్రం మద్దెలో తెగకూడదు సన్యాసీ. సగం పాట విని సగం తనే ఊహించుకుని పాడుతుంటాది, పాపం. పూర్తి పాటలింటే ఇంకెంత బాగా పాడుద్దో! ఘాటీ మొత్తం పాడించుకోవచ్చు."

నేను విన్నాను. ఆ మనిషి జీవితంలో భార్య పాటని మెచ్చుకున్న మొదటి మాట అది. దాన్ని ఆవిడ ముందు అనకుండా, తీగలు కోసే మనిషి ముందు అన్నాడు. మరుక్షణం కత్తెర పడింది. ఆ మాటని ఎవరికైనా చేరవేసే నోరు నాకు అప్పుడే పోయింది.

శుక్రవారం వచ్చింది. కొత్తది నా పక్కనున్న సొరుగులో కూర్చుని పాడటం మొదలుపెట్టింది. నిజం చెప్పొద్దూ, దాని గొంతు నా గొంతు కంటే ఎంతో నయం. మొదటి మలుపు వచ్చింది. పాట తెగలేదు. అప్పలనరసయ్య అలవాటుగా గేరు మార్చి బండి నెమ్మది చేశాడు. ఎదురు చూస్తున్నాడు. నూకరత్నం కూడా అలవాటుగా ఊపిరి పీల్చుకుంది. పాట సాగిపోతూనే ఉంది. ఎక్కడ అందుకోవాలో తెలియక ఆవిడ ఆ ఊపిరిని అలాగే వదిలేసింది.

"ఇది ఎక్కడా ఆగదేటండి?"

"ఆగదు. ఇంక నువ్వు అవస్త పడక్కర్లేదు."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. "మంచిదే," అని, పమిట భుజం నిండా కప్పుకుని కిటికీ అద్దం ఎత్తేసింది.

ఆ తర్వాత ఒకసారి ఆవిడ చెల్లెలు కూడా సంతకి వచ్చింది. పాదాల దగ్గర ఆయన కొబ్బరికాయ కొట్టడానికి దిగితే చెల్లెలు అడిగింది, అక్కా, నువ్వు పాడతావన్నావుగా అని.

"అన్నేళ్లూ ఓర్చుకున్నారే," అంది నూకరత్నం. "వాళ్లమ్మ ఐతే మొకం మీద అనేసింది. ఈయన నోరు మూసుకోమనడానికి ఎంత మర్యాదగా చేసేరో చూడు. పాటల మిసిను కొన్నారు."

చెబుదామనుకున్నాను. అది కాదమ్మా, ఆయన అన్న మాట వేరే అని అరుద్దామనుకున్నాను. నా దీపం మాత్రం వెలుగుతూ ఉంది. ఎర్రముల్లు ఒక అంకె మీద ఆగిపోయి ఉంది. వాళ్లిద్దరి మనసులూ తెలిసినది ఆ కారులో నేనొక్కదాన్నే. మాట్లాడటానికే పుట్టి, మాట అవసరమైన ఆ ఒక్కచోట మూగదాన్నయ్యాను. ఆ బాధ మీకు ఎలా చెప్పను?

ఏళ్లు గడిచాయి. ఆవిడ వింటోంది కదా, సంతోషంగా ఉంది కదా అని ఆయన. ఆయన కోరుకున్నట్టే నోరు మూసుకున్నాను కదా అని ఆవిడ. ఘాటీలో కారు ఇదివరకటి కంటే వేగంగా ఎక్కేది. నెమ్మది చేయడానికి కారణం లేదు మరి. వెనక లారీలవాళ్లకి మాత్రం సుఖంగా ఉంది.

చివరికి అప్పలనరసయ్య చూపు మందగించింది. పాత కార్లు పోగుచేసే హైదరాబాదు ఆసామీ ఎవరో మా బండిని బేరం చేశాడు. ఇచ్చేసే ముందు ఒక్కసారి అమ్మవారికి చెప్పి వద్దామని ఇద్దరూ బయల్దేరారు. చలికాలం మధ్యాహ్నం, కొండ మీద మంచు దిగుతోంది. మొదటి మలుపు తిరుగుతుండగా సొరుగులోని యంత్రం, ముసలిదైపోయిందేమో, పాట మధ్యలో ఠక్కున ఆగిపోయింది.

ఆయన చేయి గేరు మీదికి పోయింది. కారు నెమ్మదించింది. ఎంతో కాలం తర్వాత ఆ నడక! ఒక మలుపు, ఇంకో మలుపు. ఏమీ లేదు. ఆయన బండి పక్కకి తీసి ఆపేశాడు.

"పాడవేటి రత్నం?"

"ఏటి పాడ్డం?"

"ఆగిపోయింది కదా. నువ్వు అందుకోవా?"

"మీకు చీదరని మానీసేను కదండీ. అందుకే కదా దాన్ని కొన్నారు!"

"చీదరేటే? నీ పాట అయిపోద్దేమోనని, నువ్వు పాడినన్నాళ్లూ ఈ ఘాటీలో సెకండ్ గేరు దాటి బండి తోల్లేదు నేను. పాదాల ముందు రేడియో కట్టీసింది అమ్మోరి కోసం అనుకున్నావేటి?"

మాట తక్కువ మనిషి ఆవిడతో అంత పొడుగు మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, ఆగిపోయిన చోట పాట అందుకుంది. అందుకోగలిగింది రెండు ముక్కలే. పాడని గొంతు మూతపడిపోయింది. పై స్వరం దగ్గర పగిలి, దగ్గు వచ్చి ఆగిపోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది, ఇక రాదని.

అప్పుడు అప్పలనరసయ్య, పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాగం తీసి ఎరగని మనిషి, స్టీరింగు పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ, మిగిలిన పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, తాళం లేదు. మాటలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. అన్ని శుక్రవారాలూ విన్నాడు కదా. ఆవిడ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. పాట అయిపోయాక ఆయన బండి కదిలించాడు. అయిపోయిన శుక్రవారాలు తిరిగి రావని ఇద్దరికీ తెలుసు. పై వారమే నన్ను లారీ ఎక్కించారు.

ఇప్పుడు హైదరాబాదులో చల్లటి హాల్లో, ముఖమల్ తాడు వెనక, కారుతో సహా మెరుస్తూ ఉన్నాను. నా కడుపులో పాత తీగలన్నీ తీసేసి ఏదో చిన్న బిళ్ల పెట్టారు. యజమాని చేతిలోని ఫోన్‌లోంచి గాలిలోనే పాటలు వస్తాయి. మళ్లీ నా నోరే పలుకుతుంది, మాట మాత్రం నాది కాదు. ఆ పాటలు ఎక్కడా తెగవు.

ఎప్పుడైనా కరెంటు పోతే మటుకు ఒక్కసారిగా హాలంతా నిశ్శబ్దమైపోతుంది. పాట చరణం మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు నేను పక్క సీటు వైపు చెవి ఒగ్గి ఎదురు చూస్తాను. ఇంతలో జనరేటరు అందుకుంటుంది.