కోల్‌బీ రెడీయేనా

మంచు మీద ఆడే ఆటకి చెమటెక్కడిదని అనుకునేవాళ్లు ఒక్కసారి లోర్నా ఇంటికొచ్చి ఆ హాకీ సంచీ జిప్పు లాగి చూడాలి. ఇరవయ్యేళ్లుగా ఆమె ఆ జిప్పు లాగుతూనే ఉంది. ఊళ్లో కుర్రాళ్ల జట్టులో ఆడడానికి ఎక్కడెక్కడి నుంచో పదహారు, పదిహేడేళ్ల పిల్లలు వస్తారు. వాళ్లని తలా ఒక ఇంట్లో పెడతారు. ఆ ఇంటి ఆడది వాళ్లకి వండిపెట్టాలి, ఉతికిపెట్టాలి, చలికి బిగుసుకుపోయిన కారుని తెల్లవారకముందే వేడిచేసి ప్రాక్టీసుకి దింపాలి, ఏ పిల్లో కాదని వెళ్లిపోతే ఏడుస్తున్నవాడి వీపు నిమరాలి. అలాంటి ఆడవాళ్లని బిల్లెట్ అమ్మలంటారు. సీజను చివర ఓ రోజు, ఆట విరామంలో వాళ్లందరినీ మంచు మీదికి పిలిచి తలా ఒక పూలగుత్తి ఇస్తారు. జనం చప్పట్లు కొడతారు. ఆ పువ్వులు పట్టుకుని జారిపడకుండా గట్టుకి చేరడమే ఆ ఉద్యోగంలో దొరికే గౌరవం.

ఈసారి కుర్రాడు కోల్‌బీ. పద్దెనిమిదేళ్లు నిండాయి. ఉత్తరాన సరస్సు ఒడ్డున చేపలు పట్టుకు బతికే చిన్న ఊరు వాడిది. ఆ శనివారం పొద్దున లోర్నా వాడి సంచీలోంచి జెర్సీ తీసింది, మేజోళ్లు తీసింది, మోకాలి చిప్పలకి కట్టుకునేవి తీసి పక్కన పడేసింది. అడుగున ఉండచుట్టిన తువ్వాలు తగిలింది. విప్పితే లోపల దిండు గలీబు. తన ఇంటిదే, నీలం గళ్లది. వాంతి ఎండిపోయి అట్టకట్టి ఉంది. బీరు తాగి కక్కుకున్న కుర్రాళ్లని ఆమె చాలామందినే చూసింది. వాళ్లు గలీబు దాచరు, వెర్రినవ్వు నవ్వుతూ తెచ్చి చేతిలో పెడతారు. దాచుకున్నవాడిని మాత్రం ఇంతకుముందు ఒక్కడినే చూసింది. వాడిప్పుడు నేల కింది గదిలో పడుకుని ఉన్నాడు.

వాడు డార్సీ, ఆమె కొడుకు. పంతొమ్మిదో ఏట పైకి వెళ్లాడు. పైకి అంటే ప్రొఫెషనల్ ఆటలోకి, ఈ ఊళ్లో ఆ మాటకి ఇంకో అర్థం లేదు. అప్పటికే తలకి తగిలిన దెబ్బ లోపల మానలేదు. పైకి వెళ్లాక దాని మీద ఇంకోటి తగిలింది. ఏడేళ్లయింది. కిటికీకి నల్లగుడ్డ కొట్టుకుని ఉంటాడు. పేపర్లో నాలుగు వరుసలు చదివితే ఆ పూట ఇక లేవలేడు. అమ్మ అడుగుల చప్పుడు కూడా భరించలేని రోజులుంటాయి. ఆ రోజుల్లో ఆమె బూట్లు విప్పి, మేజోళ్లతో మెట్లు దిగి, తడి తువ్వాలు వాడి కళ్ల మీద పరిచి, మాట్లాడకుండా ఎక్కి వచ్చేస్తుంది. వాడు పైకి వెళ్లేముందు ఆమె చెప్పింది, ఇంకా వద్దని చెప్పింది, ఏడ్చి కూడా చెప్పింది. భర్త గ్లెన్ అప్పుడు నవ్వి, "నువ్వు తల్లివి లోర్నా. వాడికి నలభయ్యేళ్లొచ్చినా ఇంకా రెడీ కాలేదనే అంటావు" అన్నాడు. అత్తగారు ఎలీనర్ టీ కప్పు దించకుండానే, "మగపిల్లాణ్ణి ఎన్నాళ్లు ఒళ్లో పెట్టుకు కూర్చుంటావే" అంది. ఆ రెండు మాటలతో ఆ చర్చ ముగిసింది. తర్వాత ఆ మాటలు ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరో ఒకరు కింది గదివైపు చూడాల్సి వస్తుంది.

కుర్రాళ్లని చూడడమే గ్లెన్ ఉద్యోగం. ఒక పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బు తరఫున ఈ మైదాన ప్రాంతపు ఊళ్లన్నీ తిరిగి, ఎవడు పైకి రెడీ, ఎవడికి ఇంకో ఏడాది పడుతుందో చెప్పాలి. స్కేటింగు ఎవడైనా చూసి చెబుతాడు, అసలు మనిషి ఇంట్లో తెలుస్తాడని అతని సిద్ధాంతం. ఇంట్లో సంగతి తెలిసేది లోర్నాకి. అందుకని రోజూ భోజనాల దగ్గర ఆరాలు. ఎలా తింటున్నాడు? తిన్న ప్లేటు తీస్తున్నాడా? ఓడిపోయి వచ్చిన రోజున తలుపు దబాల్న వేస్తున్నాడా? వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడుస్తున్నాడా? ఆమె బంగాళాదుంపలు వడ్డిస్తూ చెప్పేది. అవే మాటలు గ్లెన్ నోట క్లబ్బుకి చేరేవి. కుర్రాళ్ల మనసు గ్లెన్‌కి అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుందని అక్కడ గొప్పగా చెప్పుకుంటారట. ఆ అద్దం తుడిచేది ఎవరో వాళ్లకి తెలియదు. తెలిసినా ఏం చేస్తారు, ఇంకో పూలగుత్తి ఇస్తారు.

ఈమధ్య కోల్‌బీ గురించి ఆమె అన్నీ మంచి మాటలే చెప్పింది. పొద్దుగూకగానే లైటు ఆర్పేస్తున్నాడు. ఫోన్ ముట్టుకోవడం లేదు. మిగతా కుర్రాళ్లతో తిరుగుళ్లు లేవు. అల్లరి లేదు, అసలు మాటే లేదు. భోజనాల గదిలో ఎండ మొహాన కొడుతోంది, కర్టెన్ వేస్తారా ఆంటీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. గ్లెన్ ముఖం విప్పారింది. "అదీ. రెడీ అవడమంటే అదే. పిల్లచేష్టలు పోయాయి, మనిషయ్యాడు" అన్నాడు. ఆమె కూడా ముచ్చటపడి ఇంకో ముక్క మాంసం కోల్‌బీ ప్లేట్లో వేసింది. ఒక గది ఎప్పుడూ చీకటిగా ఉండే ఇంట్లో ఇంకో గది చీకటైతే తేడా తెలియలేదు. చేతిలో గలీబు పట్టుకుని వాషింగ్ మెషీన్ ముందు నిలబడ్డాక తెలిసింది. డార్సీ గురించి ఏడేళ్ల కిందట గ్లెన్ మురిసిపోయింది కూడా సరిగ్గా ఈ మాటల మీదే. ఇల్లు కదలని కొడుకు, నోరు మెదపని కొడుకు, పెందలాడే పడుకునే కొడుకు. మెషీన్ మూత మీద రెండు చేతులూ ఆనించుకుంది.

మేడ మీద కోల్‌బీ పక్క మీదే ఉన్నాడు. ఆమె గలీబు చూపించింది.

"ఎప్పట్నుంచి రా?"

"మంచు చుట్టూ ఉండే చెక్కగోడకేసి నన్ను గుద్దారు చూడండి ఆంటీ, అప్పట్నుంచి."

"ఆ మర్నాడు నీ బుర్రకి ప్రశ్నల పరీక్ష పెట్టారుగా. బానే ఉందన్నారుగా."

"సీజన్ మొదట్లో అదే పరీక్ష పెడతారు కదా, అప్పుడే కావాలని తప్పులు పెట్టా. అందరం పెడతాం. దెబ్బ తగిలి బుర్ర తిరుగుతున్నా మళ్లీ అవే మార్కులొస్తాయి. బానే ఉన్నాడనుకుంటారు." దుప్పటి మొహం మీదికి లాక్కుని, "డార్సీ కూడా పెట్టే ఉంటాడు. అతను ఆడే రోజుల్నుంచీ ఉందిది" అన్నాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. తన కొడుకు తన కళ్లెదుట అన్ని పరీక్షలూ పాసయ్యాడు. ఆ రోజు కేకు చేసింది కూడా.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. పైక్లబ్బు నుంచి రౌలీ గారు ఇవాళ భోజనానికి వస్తున్నారు. నేను పైన ఆడితే చూడాలని మా ఊళ్లో అందరూ టీవీ ముందు కూర్చునుంటారు. పైకెళ్లాక రెస్ట్ తీసుకుంటా."

"పైకెళ్లాక రెస్ట్ ఎవడిస్తాడు? మళ్లీ ఒక్కటి తగిలితే?"

"తగలనివ్వను."

తగలనివ్వనమ్మా అని డార్సీ కూడా అన్నాడు. ఇలాగే, ఇదే గదిలో, కళ్లు సగం మూసుకుని అన్నాడు.

కింద గ్లెన్ టై కట్టుకుంటున్నాడు. ఆమె చెప్పింది మొత్తం అద్దం మీంచి చూపు తిప్పకుండానే విన్నాడు. గలీబు వైపు ఒకసారి చూసి, "కడుపులో తేడా చేసుంటుంది. నువ్వు బీన్సు సరిగా ఉడకనివ్వవు" అన్నాడు.

"వాడు వెలుతురు చూడలేకపోతున్నాడు గ్లెన్. డార్సీకి ఎలా..."

"డార్సీ సంగతి ఎత్తకు. నీకు ప్రతి కుర్రాడిలోనూ వాడే కనపడతాడు. కోల్‌బీ రెడీ అని నేను రాసి పంపేశాను. ఇప్పుడు కాదంటే ఏమంటారు? సొంత ఇంట్లో తిరిగేవాడి సంగతే తెలీనివాడికి ఊళ్లవాళ్ల సంగతేం తెలుసంటారు. ఈ వేసవికి నన్ను తీసేస్తారు. రౌలీ అడిగితే బానే ఉన్నాడను. ఒక్క మాట. నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా నేను?"

రోజూ అడుగుతూనే ఉన్నావు కదా అనబోయింది. వంటింట్లోకి వచ్చి ఉడికించిన క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం పెట్టి చుట్టడం మొదలుపెట్టింది. రెండు ఆకులు చిరిగాయి. ఏం చేయాలో తోచలేదు. పిల్లాణ్ణి కారెక్కించుకుని ఎటైనా పోతే? ఎటు పోయినా మంచే, రాత్రికి వెనక్కి రావాల్సిందే. పోనీ వాడి తల్లికి ఫోన్ చేస్తే? వాణ్ణి దింపడానికి వచ్చిన రోజు ఆవిడ ఇదే వంటింట్లో నిలబడి, "మావాడు మీ దగ్గరున్నాడనే ధైర్యంతోనే నేను నిద్రపోతానమ్మా" అంది. ఇప్పుడు ఆ నిద్ర చెడగొట్టొచ్చు. ఆవిడ పడుతూ లేస్తూ వచ్చి అరిచి గోల పెట్టొచ్చు. అప్పుడు గ్లెన్ నవ్వి ఆవిడతోనూ అదే అంటాడు, మీరు తల్లి కదా అని. కన్నవాళ్ల మాటకి ఈ ఇళ్లల్లో విలువ ఎంతో లోర్నాకి తెలుసు. ఒక ప్రాణం కిందపడి పగలబోతోందని ఒళ్లంతా కేకపెడుతోంది, ఆమె మాత్రం ఓవెన్ వేడి సరిచూస్తోంది. అంతకన్నా నరకం ఏముంటుందనిపించింది.

ఏ కుర్రాణ్ణి పైకి తీసుకెళ్లేముందైనా వాడి బిల్లెట్ ఇంట్లో ఒక పూట భోంచేయడం రౌలీకి అలవాటు. క్లబ్బులో ఎవరు పైకి వెళ్లాలన్నా ఆయన మాటే ఆఖరు. పెద్దమనిషి, ఒకప్పుడు తనూ ఆడినవాడు, ముక్కు రెండుచోట్ల వంకర. రెండోసారి వడ్డించుకుని, పుల్లటి మీగడ వేసుకుని మెచ్చుకుంటూ తిన్నాడు. కర్టెన్ వేసిన గదిలో కోల్‌బీ తల వంచుకుని ప్లేట్లోవి అటూ ఇటూ జరుపుతున్నాడు. గ్లెన్ దాన్నీ వినయంలో జమకట్టి రౌలీకి కళ్లతో చూపించాడు.

"లోర్నా గారూ, గ్లెన్ చెప్పాల్సింది చెప్పాడు. మీరు చెప్పండి. కుర్రాడు రెడీయేనా?"

బల్ల కింద గ్లెన్ బూటు ఆమె కాలిమీద ఆనింది. తొక్కలేదు, ఆనించి ఉంచాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"లేదండీ. పెందలాడే పడుకుంటాడని మా ఆయన చెప్పుంటారు, లైటు చూడలేక పడుకుంటున్నాడు. ఫోన్ ముట్టుకోడని చెప్పుంటారు, అక్షరాలు కదులుతున్నాయి కాబట్టి ముట్టుకోడు. నెమ్మదస్తుడని చెప్పుంటారు. వాడికి మాట్లాడే ఓపిక లేదు. వాంతి చేసుకుని ఆ గలీబు నాకు కనపడకుండా దాచుకున్నాడు."

గ్లెన్ పెద్దగా నవ్వాడు. "మావాడప్పుడూ ఇదే గోల సార్. తల్లి మనసు, అంతే."

రౌలీ నవ్వలేదు. "ఈ కుర్రాడికి ఈవిడ తల్లి కాదుగా గ్లెన్" అన్నాడు.

"అబద్ధం సార్." కోల్‌బీ లేచాడు. "ఆంటీకి భయమెక్కువ. చూడండి కావాలంటే." ఎవరూ అడ్డుపడేలోగా కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ బర్రున లాగేశాడు. బయట పొలాల మీది మంచంతా మధ్యాహ్నపు ఎండకి మండుతోంది. ఆ తెల్లటి వెలుగుకి ఎదురుగా నిలబడి నవ్వబోయాడు. చెయ్యి కుర్చీ కోసం గాలిలో వెతికింది. కుర్చీ అందలేదు. గోడకి జారి నేలమీద కూలబడ్డాడు. మగవాళ్లిద్దరూ వాడివైపు పరిగెత్తారు. లోర్నా ముందు కర్టెన్ మూసింది, తర్వాత సలాడ్ గిన్నె ఖాళీచేసి వాడి గడ్డం కింద పెట్టింది.

"ఈ ఏడాది కాదు," అన్నాడు రౌలీ, వాడి వాంతి అయ్యేదాకా ఆగి. "ముందు డాక్టరు దగ్గరికి. నేనే తీసుకెళ్తాను రేపు." గ్లెన్ వైపు చూడకుండానే కోటు వేసుకున్నాడు.

కారు మలుపు తిరిగేదాకా గ్లెన్ వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి, "ఏం చేశావో తెలుస్తోందా? నన్ను ఇవాళ నా బల్ల దగ్గరే చంపేశావు. ఇంకెవడు నమ్ముతాడు నన్ను?" అన్నాడు. టై వదులు చేసుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆమెకి జాలి వేసింది కూడా, ఇన్నేళ్ల అలవాటు ఒక్కపూటలో పోదు. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "ఇకనుంచి నీ కుర్రాళ్ల సంగతి నువ్వే చూసుకో. భోజనాల దగ్గర నన్నేం అడక్కు" అంది. ఆ ప్లేట్లు సింకులో పెట్టి, కడక్కుండా మేడెక్కింది.

కోల్‌బీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె తువ్వాలు తడిపి పిండి, వాడి కళ్ల మీద వేయబోయింది. విసిరికొట్టాడు.

"నా బతుకు నాశనం చేశారు. మీకేం హక్కుంది? మీరేం మా అమ్మ కాదు."

ఆమె నేలమీది తువ్వాలు తీసి, మళ్లీ తడిపి, మళ్లీ పిండింది. ఈసారి వాడు ఊరుకున్నాడు.

"కాదు నాన్నా," అంది, అంచులు సరిచేస్తూ. "అందుకే నమ్మారు."

ఇంకో తువ్వాలు తడిపి, బూట్లు విప్పి, చప్పుడు కాకుండా కింది గదికి మెట్లు దిగింది.