నుదుటి మీద గాటు

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవారు ముగ్గురు. కంప్యూటర్ ముందు, పత్రికా కార్యాలయంలో ఫొటో విభాగానికి ఇరవై ఆరేళ్లు అధిపతిగా ఉండి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయన కుడిపక్క, మెత్తటి కుర్చీలో, ఆయన అక్క. ఇద్దరి వెనక, గుమ్మానికి ఆనుకుని, ఆయన భార్య.

విరమణ తరువాత పదకొండేళ్లు ఆయన ఫొటోల జోలికి పోలేదు. ఈమధ్యే కాలక్షేపానికని మళ్లీ మొదలుపెట్టారు. చేతికి పని గుర్తుంది గాని కళ్లకు ఓపిక లేదు. గంటసేపు తెర చూస్తే నీళ్లు కారేవి. అయినా, కాలం చేసిన బావగారి ఫొటో బాగుచేసి ఇస్తానని అక్కకు మాట ఇచ్చారు. ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. తేమకు అద్దానికి అతుక్కుపోయిన దానిని అద్దంతోనే స్కాన్ చేశారు. తరువాత ఊడదీయబోతే కాగితం పొరలుపొరలుగా చిరిగి వచ్చింది. ఇక కంప్యూటర్‌లో ఉన్నదే మిగిలింది.

తొమ్మిది రోజులు నడుం పట్టేసేలా కూర్చుని, పగుళ్లు పూడ్చి, మరకలు చెరిపి, బావగారిని తెర మీద నిలబెట్టారు.

అక్క కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈయన?"

"అదేంటక్కా, బావ!"

"మీ బావ పెళ్లినాడు కూడా ఇంత నున్నగా లేడు. నుదుటి మీద గాటేదిరా?"

ఆయన నాలుక కరుచుకున్నారు. గీత కనబడితే చెరిపేయడం ఏళ్లనాటి అలవాటు; అది పగులో, గాయమో అని చెయ్యి ఆగి ఆలోచించలేదు.

"కొత్త కాపురంలో నేను కిటికీ రెక్క విసురుగా తోస్తే తగిలిందది," అంది అక్క, గొంతు తగ్గించి. "ఉన్నన్నాళ్లూ అది చూపించే నన్ను దెప్పేవాడు. అది లేని మొహం నాకెందుకురా?"

"పాతది తీస్తానుండు."

పాతది లేదు. ఏ రోజు చేసిన మార్పులు ఆ రోజు అసలు ఫైలు మీదే భద్రపరిచారు. ఆఫీసులో అసలు ప్రతిని వేరే దాచడం కిందివాళ్ల పని. అలాంటి పని ఒకటుందనే ఆయన మరిచిపోయారు.

ఆయన మౌసు వదిలేశారు.

"పోయిందక్కా. కావాలంటే గాటు నేనే గీసిపెడతాను."

"నువ్వు గీస్తే నీ గాటవుతుంది. నేను పెట్టింది కాదుగా."

భార్య లోపలికి వెళ్లి, కుట్టుమిషను సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మొదటిరోజే దీంట్లోకి నకలు తీసి దాచాను."

"నీకెవరు చెప్పారు?"

"మీరే. దాచే పని కిందివాళ్లదని మీ ఉద్యోగమున్నన్నాళ్లూ విన్నాగా. ఇంట్లో మీ కిందివాళ్లెవరండీ, నేను తప్ప?"

అక్క కళ్లొత్తుకుంటూనే నవ్వింది. "ఒరేయ్, జీతం లేని ఉద్యోగిరా, జాగ్రత్తగా చూసుకో!"

పెన్‌డ్రైవ్‌లో బావగారు ఉన్నారు, మరకలతో, పగుళ్లతో, నుదుటి మీద గాటుతో. తొమ్మిది రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని, ముందుగా దానికి మరో నకలు తీశారు. తరువాత, ఆఫీసు అలవాటు కొద్దీ పక్కనే ఉంచుకునే పని పుస్తకం తెరిచారు. ఉద్యోగకాలంలో అటువంటి పుస్తకంలో తన పనిని తప్ప మరొకరి పనిని రాసి ఎరుగరు. ఈసారి కలం తీసి ఇలా రాశారు:

"ఈ ఛాయాచిత్రపు అసలు ప్రతిని, ఎవరూ కోరకుండానే, తొలిరోజునే భద్రపరచినవారు నా భార్య. చిత్రం నేడు మిగిలి ఉండటం ఆమె చలవ. ఇందుకు మా అక్కగారూ, నేనూ ఆమెకు కృతజ్ఞులం."